చుండ్రు నెత్తి దిగి ముఖానికి పాకితే ఏం చేయాలి

మా ఇంట్లో ఏ బాధకైనా మొదటి మందు నూనె గిన్నె. తలనొప్పికి నూనె, నిద్ర పట్టకపోతే నూనె, కళ్లు మండితే మాడుకు ఆముదం. కాబట్టి ఇరవై రెండేళ్లప్పుడు నా తలలో పొట్టు రాలడం మొదలైతే అమ్మ ఏం చేసిందో చెప్పక్కర్లేదు. శుక్రవారం రాత్రి కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి నెత్తికంతా పట్టించేది. శనివారం పొద్దున తలకు పోసుకునేవాణ్ణి. ఆ రాత్రంతా పొట్టు కనపడేది కాదు, నూనెకు అతుక్కుపోయి ఉండేది కాబట్టి. సోమవారం నల్లచొక్కా వేసుకుంటే భుజాల మీద మళ్లీ బియ్యప్పిండి చల్లినట్టు ఉండేది. ఆరు నెలలు తిరక్కుండానే కనుబొమ్మల్లో, ముక్కుకు రెండు పక్కలా మడతల్లో, చెవుల వెనక కూడా అదే పొట్టు, అదే దురద.

దీనికి సెబోరిక్ డెర్మటైటిస్ అనే పేరుందని తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో చేయకూడనివన్నీ చేశాను. మొత్తం పద్నాలుగేళ్లుగా దానితో కాపురం చేస్తున్నాను. ఇప్పుడు ఏడాదిలో ఏ చలికాలంలోనో కొన్ని వారాలు తప్ప అది నా జోలికి రాదు. నేను డాక్టరును కాను, అనంతపురంలో ఉద్యోగం చేసుకునే మామూలు మనిషిని. డాక్టర్ల దగ్గర విన్నదీ, చదివి తెలుసుకున్నదీ, నా నెత్తి మీద ప్రయోగం చేసి నేర్చుకున్నదీ కలిపి చెప్తున్నాను. ఒక మాట ముందే అనుకుందాం: ఇది వేళ్లతో సహా పీకేయగలిగే జబ్బు కాదు, నిద్రపుచ్చి ఉంచుకోవాల్సింది. "వారంలో మాయం" అనే సీసా ఎవరైనా చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి.

ముందు ఇది అదేనా అని చూసుకోండి

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర అద్దం పట్టుకుని చూడండి. తల, నుదుటి మీద జుట్టు మొదలయ్యే అంచు, కనుబొమ్మలు, ముక్కు పక్క మడతలు, చెవుల వెనక, చెవి రంధ్రం మొదట్లో, మగవాళ్లకైతే గడ్డం మీసాల కింద, రొమ్ము నడిమధ్య. కొందరికి చంకల్లో, గజ్జల్లో కూడా వస్తుంది. ఇవన్నీ చర్మం జిడ్డు ఎక్కువగా ఊరే చోట్లు, లేదా మడతపడి చెమట నిలిచే చోట్లు. పొట్టును రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. మైనంలా జిడ్డుగా, కొంచెం పసుపుగా ఉంటే అనుమానం దీని మీదే. పొడిపొడిగా, తెల్లగా, చిన్నచిన్నగా రాలి, చేతులూ కాళ్లూ కూడా పగిలి ఉంటే అది ఒట్టి పొడిచర్మం కావచ్చు.

పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లతోలు వాళ్లవి. ఎర్రటి మచ్చలు అని రాసి ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనపడదు. చాలామందికి ముక్కు పక్కన, కనుబొమ్మల దగ్గర రంగు తగ్గి పాలిపోయినట్టు మచ్చలు పడతాయి. ఇక ఇంట్లో గోల మొదలవుతుంది. మా బంధువుల అమ్మాయికి ఇలాగే వస్తే బొల్లి అనుకుని రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా దాచారు, పెళ్లి సంబంధాల టెన్షన్ ఒకటి. బొల్లి మచ్చ సున్నం పూసినట్టు తెల్లగా, నున్నగా ఉంటుంది, పొట్టు లేవదు. ఇది మసకగా ఉంటుంది, పైన సన్నని పొట్టు ఉంటుంది. లోపల మంట తగ్గాక రంగు కూడా మెల్లగా తిరిగి వస్తుంది, కానీ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఒకటి మాత్రం మరిచిపోకండి: మచ్చ మీద దూది ముక్కతో తాకినా తెలియకపోతే, మొద్దుబారి ఉంటే, ఇంట్లో ఏ మందూ వేయకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. కుష్ఠువేమో అని వాళ్లు పరీక్ష చేస్తారు. తొందరగా పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది, మందులు ఉచితం.

మిగిలిన పోలికలు. పొర మందంగా, వెండి రేకులా ఉండి, మోచేతుల మీదా మోకాళ్ల మీదా కూడా ఉంటే, గోళ్లకు సూదితో పొడిచినట్టు గుంటలుంటే అది సోరియాసిస్ వైపు. పిల్లల తలలో ఒకచోట గుండ్రంగా వెంట్రుకలు విరిగి రాలిపోతే తామర కావచ్చు, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, మాత్రలు వాడాలి. వెంట్రుకకు అతుక్కుని ఎంత దులిపినా రాని తెల్లచుక్కలు పేల గుడ్లు. జుట్టుకు రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకే దురదతో నెత్తి, కనురెప్పలు ఉబ్బితే తప్పు ఆ రంగుది.

నూనె గిన్నె అటకెక్కించండి

ఈ ఒక్క పనికే మన ఇళ్లలో పెద్ద యుద్ధం చేయాలి. అందుకే కారణం వివరంగా చెప్తాను, మీరు ఇంట్లో చెప్పుకోవడానికి పనికొస్తుంది.

మనందరి చర్మం మీద మలాసీజియా అనే ఫంగస్ బతుకుతుంటుంది. చుండ్రు ఉన్నవాళ్లకీ ఉంటుంది, లేనివాళ్లకీ ఉంటుంది. 1874లో లూయీ మలాసే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పొట్టులో దీన్ని గుర్తించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. దీనికి ఒక బలహీనత ఉంది. బతకడానికి కావలసిన కొవ్వు ఆమ్లాలను అది సొంతంగా తయారు చేసుకోలేదు. మన చర్మం నుంచి ఊరే జిడ్డును విరగ్గొట్టి, తనకు కావలసింది తిని, మిగిలింది అక్కడే పారేస్తుంది. ఆ పారేసిన దాంట్లో ఓలియిక్ ఆమ్లం ఒకటి. కొందరి చర్మం దాన్ని పట్టించుకోదు. మనలాంటివాళ్ల చర్మం మాత్రం కయ్యానికి దిగుతుంది. మామూలుగా చర్మకణం అడుగున పుట్టి పైకి వచ్చి రాలిపోవడానికి నాలుగు వారాలు పడుతుంది. కయ్యం జరిగే చోట కణాలు హడావిడిగా పైకి వచ్చి, ఒకదానికొకటి అతుక్కునే రాలతాయి. మన భుజాల మీద పడే పొట్టు అదే. శుభ్రం లేక వచ్చేది కాదు. దువ్వెన పంచుకుంటే అంటుకునేది కూడా కాదు, ఎందుకంటే ఆ ఫంగస్ అవతలివాళ్ల నెత్తి మీద ముందునుంచే ఉంది.

ఇప్పుడు నెత్తికి రాత్రంతా కొబ్బరినూనె పట్టిస్తే ఏమవుతుందో ఆలోచించండి. దొంగకు అన్నం పెట్టి పడుకోబెట్టినట్టు. కొబ్బరినూనె, నువ్వుల నూనె, ఆముదం, ఆలివ్ నూనె, అన్నీ కొవ్వు ఆమ్లాలే. మా జిల్లాలో చెనిక్కాయల నూనెకు కొదవ లేదు, కొన్ని ఊళ్లలో ఒంటికి అదే రాస్తారు. దాంట్లో అన్నిటికంటే ఎక్కువ ఉండేది పైన చెప్పిన ఓలియిక్ ఆమ్లమే. వంటకు బంగారం లాంటి నూనె, నెత్తికి వద్దు.

"నూనె లేకుంటే జుట్టు ఊడిపోదా?" అని మీ అవ్వ అడుగుతుంది. ఊడదు. నెత్తి దాటి బయటికి వచ్చిన వెంట్రుక ప్రాణం లేని పోగు, నూనె దానికి నునుపు ఇస్తుందేగానీ తిండి పెట్టదు. పొడుగుజుట్టు ఉన్న ఆడవాళ్లు జడ చివర జానెడు మేర ఒక చుక్క నూనె రాసుకుంటే ఏమీ కాదు, కుదుళ్లకు తగలకూడదు అంతే. దురద పెట్టి, గీరి, మంట ఎక్కువైనప్పుడు కొంత జుట్టు రాలుతుంది నిజమే. అది మంట తగ్గాక తిరిగి వస్తుంది.

సరైన షాంపూ తెచ్చుకోండి

మెడికల్ షాపులో "చుండ్రు షాంపూ ఇవ్వండి" అని అడగకండి, అలమారలో ముందు ఏది ఉంటే అది ఇస్తారు. "కీటోకోనజోల్ 2 శాతం షాంపూ" అని అడగండి. సీసా మీద ముందు రాసిన పేరు చూడొద్దు, వెనక చిన్న అక్షరాల్లో మందు పేరూ శాతమూ చూడండి. ఈ మందు నేరుగా ఆ ఫంగస్ మీద పనిచేస్తుంది. కొందరికి సెలీనియం సల్ఫైడ్ షాంపూ పడుతుంది, కానీ తెల్లజుట్టుకీ రంగు వేసిన జుట్టుకీ మరక పడొచ్చు, చేతి ఉంగరాలు తీసి వాడాలి. కిరాణా కొట్టులో దొరికే చుండ్రు షాంపూల్లో జింక్ పైరిథియోన్, లేదా పిరోక్టోన్ ఓలమైన్ ఉంటుంది. తేలికపాటి చుండ్రుకు అవి చాలు. పొర మందంగా చెక్కు కట్టినవాళ్లకు సాలిసిలిక్ ఆమ్లం ఉన్న షాంపూ ముందు వాడితే చెక్కు మెత్తబడి, ఆ తర్వాత వేసే మందు లోపలికి దిగుతుంది. కోల్ తార్ షాంపూ కూడా ఉంది. వాసన భరించాలి, పైగా అది వాడాక చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. మన ఎండల్లో నాకైతే దాని జోలికి పోబుద్ధి కాలేదు.

గర్భంతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఏది వాడాలన్నా డాక్టరును అడిగి వాడండి.

ఐదు నిమిషాలు ఆగండి

నేను మొదటి ఏడాది కీటోకోనజోల్ వాడి "పనిచేయలేదు" అని పారేశాను. తప్పు మందుది కాదు. రాసిన అర నిమిషానికి కడిగేసేవాణ్ణి. అది సబ్బు కాదు, మందు. చర్మం మీద నిలబడితేనే పని చేస్తుంది.

ఇలా చేయండి. ముందు మామూలు షాంపూ కొంచెం వేసి జిడ్డూ దుమ్మూ వదిలించండి. నీళ్లు పిండేయండి. ఇప్పుడు మందు షాంపూ రెండు చెంచాల దాకా అరచేతిలో తీసుకుని, వేళ్ల కొసలతో నెత్తికి పట్టించండి. జుట్టుకు కాదు, నెత్తి చర్మానికి. పొడుగుజుట్టు ఉన్నవాళ్లు పాపిట తీసినట్టు నాలుగైదు చోట్ల విడదీసి, ఒక్కో పాపిట వెంట పట్టించాలి. గోళ్లు వాడకండి. అదే నురగను కనుబొమ్మలకు, చెవుల వెనక్కి, ముక్కు పక్కలకు, గడ్డానికి, రొమ్ము మీద ఉంటే అక్కడికీ రాయండి. కళ్లు మూసుకోండి. గడియారం చూసి ఐదు నిమిషాలు అలాగే ఉండండి. తర్వాత బాగా కడిగేయండి.

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే సరిపెట్టుకునే అనంతపురంలో ఈ ఐదు నిమిషాలు కొళాయి కట్టేసి కూర్చోవడం ఎవరికీ నేర్పక్కర్లేదు. మా వీధికి ట్యాంకర్ వచ్చే రోజుల్లో నేను బకెట్ నీళ్లతోనే ఇదంతా ముగిస్తాను. బోరు ఉప్పునీళ్లు అయితే సబ్బు సరిగా నురగ రాదు, నెత్తి మీద తెట్టులా మిగులుతుంది. ఆ నీళ్ల వల్ల ఈ జబ్బు రాదు, కానీ దురదకు తోడవుతుంది. చివరి రెండు చెంబులైనా మంచినీళ్లతో పోసుకోండి. వేడి నీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు.

వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. మొదటి వారమే అద్భుతం కోసం చూడకండి. నాకు దురద పది రోజుల్లో తగ్గింది, పొట్టు పూర్తిగా తగ్గడానికి నెల పట్టింది. తడిజుట్టును ముడివేసి పెట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి, ఆరనివ్వండి.

తగ్గాక చాలామంది సీసా మూసేస్తారు. రెండు నెలల్లో అది మళ్లీ వస్తుంది, "ఈ మందు ఉత్తదే" అంటారు. తగ్గాక కూడా వారానికి ఒకసారో, రెండు వారాలకు ఒకసారో అదే షాంపూ, అదే ఐదు నిమిషాలు కొనసాగించాలి. మిగతా రోజుల్లో మామూలు షాంపూ. మా ఇంట్లో పాలవాడి లెక్క రాసే క్యాలెండరులోనే నేను నా తేదీలకు చుక్క పెట్టుకుంటాను.

ముఖానికి

పైన చెప్పిన నురగే ముఖానికి సగం పని చేస్తుంది. చాలకపోతే కీటోకోనజోల్ 2 శాతం క్రీము, లేదా క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము, మచ్చలున్న చోట పలచగా రోజుకు రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. శనగగింజంత తీసుకుంటే ముక్కు పక్కలకీ కనుబొమ్మలకీ సరిపోతుంది. కళ్లలోకి పోనివ్వకండి. ముఖం మెత్తని ఫేస్ వాష్‌తో రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. నలుగుపిండితో, గరుకు స్క్రబ్బుతో పొట్టును రుద్ది తీస్తే ఆ పూటకు నున్నగా ఉంటుంది, మర్నాడు మంట. చర్మం లాగినట్టుంటే జిడ్డు లేని జెల్ రకం మాయిశ్చరైజర్ రాయండి, నూనెలు కలిపినది కాదు.

గడ్డం పెంచినవాళ్లకు ఒక ముక్క. గడ్డం కింద కూడా నెత్తే ఉంది అనుకోండి. దానికీ షాంపూ, దానికీ ఐదు నిమిషాలు. గడ్డం నూనె రాసుకునే ఫ్యాషన్ ఒకటి వచ్చింది, దాని గురించి ఇంకా చెప్పాలా?

కనురెప్పల అంచుల్లో పొట్టు కడితే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన కళ్ల మీద కొన్ని నిమిషాలు వేసి, తర్వాత పసిపిల్లల షాంపూను బాగా నీళ్లు కలిపి పలచన చేసి, దూదితో రెప్పల అంచులు తుడవండి. చూపు మసకబారినా, కన్ను ఎర్రబడి నొప్పి వచ్చినా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెవుల్లో దురదకు పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళం పెట్టి తిప్పకండి. నేను తాళంతో తిప్పి చీము పట్టించుకున్నవాణ్ణి.

ఆ తెల్ల ట్యూబు సంగతి

ఇది కొంచెం ఆగి చదవండి. నా మూడేళ్ల తప్పుల్లో పెద్దది ఇదే.

ముఖం మీద మచ్చలు చూసి నేను పేరు చెప్పని ఒక మందుల షాపులో ఒక క్రీము ఇచ్చారు. రాసిన మూడో రోజుకు ముఖం అద్దంలా అయింది. పొట్టు లేదు, దురద లేదు, రంగు కూడా ఒక పిసరు తేలింది. దేవుడిచ్చిన మందనుకున్నాను. ఆపితే వారంలో ముందుకంటే ఎక్కువగా వచ్చింది. మళ్లీ రాశాను. ఇలా ఎనిమిది నెలలు. చివరికి ఎండలోకి వెళితే ముఖం నిప్పులా మండేది, బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు కనపడేవి, మొటిమలు లేచాయి. ఆ ట్యూబులో ఫంగస్ మందుతో పాటు బలమైన స్టెరాయిడ్, అంటే మంటను అణిచిపెట్టే మందు, ఉందని తర్వాత చర్మం డాక్టరు చదివి చెప్పాకే తెలిసింది.

మన దేశంలో ఇది ఎంత పెద్ద సమస్య అంటే, చర్మవైద్యులు స్టెరాయిడ్ల వల్ల పాడైన ముఖానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అయినా కౌంటరు మీద అడిగితే దొరుకుతూనే ఉంటాయి. కాబట్టి కాపలా మీరే కాయాలి. ట్యూబు వెనక క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏది కనపడినా, డాక్టరు చీటీ లేకుండా ముఖానికి రాయకండి. "ఫెయిర్‌నెస్‌కు కూడా పనికొస్తుంది" అని ఎవరైనా పక్కన చెప్తే ఇంకా అనుమానించండి.

స్టెరాయిడ్ అంటే విషం అని కాదు. మంట బాగా ఎక్కువైనప్పుడు డాక్టర్లు హైడ్రోకార్టిసోన్ 1 శాతం లాంటి తేలికపాటిది ఐదు నుంచి ఏడు రోజులు రాయమంటారు, ఫంగస్ క్రీము పక్కన. రోజులు లెక్కబెట్టి ఆపేయాలి, అంతే తేడా. మాటిమాటికీ తిరగబెట్టేవాళ్లకు స్టెరాయిడ్ లేని టాక్రోలిమస్, పైమెక్రోలిమస్ పూతలున్నాయి, అవి డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. ఇప్పటికే నెలల తరబడి ఆ తెల్ల ట్యూబు వాడుతున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే పారేయకండి. ఒక్కసారిగా ఆపితే ముఖం భగ్గుమంటుంది. చర్మం డాక్టరుకు ట్యూబు చూపించి, ఎలా తగ్గించుకోవాలో అడగండి.

ఇంటి వైద్యాలు, కారం, గుండు

నిమ్మకాయ రుద్దడం అన్నిటికంటే చెడ్డది. గీరుకుని పచ్చిగా ఉన్న నెత్తి మీద ఆ పులుపు నిప్పు పెడుతుంది, నిమ్మరసంతో ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. మెంతుల ముద్ద చల్లగా హాయిగా ఉంటుంది, నేనూ పెట్టుకున్నాను. కడిగాక మిగిలిన మెంతి నలకలు పొట్టా, పొట్టే మెంతులా తెలియక నవ్వుకున్నాం. వేపాకు, పెరుగు పెట్టుకుని మీకు బాగుంటే పెట్టుకోండి, మందు షాంపూ రోజు మాత్రం మానకండి. కుంకుడుకాయ జిడ్డును బాగా వదిలిస్తుంది. కానీ ఫంగస్‌కు వేసే మందుకు అది బదులు కాదు.

"కారం ఎక్కువ తింటావు, ఒళ్లు వేడి చేసింది" అని మా వైపు ప్రతి జబ్బుకూ అంటారు. కడప కారం దోసె మానేసినందుకు చుండ్రు తగ్గిందన్న రుజువు లేదు. మీకు ఫలానాది తింటే ఎక్కువవుతుందని గమనిస్తే అది మానండి, లేకపోతే ఉగ్గాని బజ్జి హాయిగా తినండి. నిజంగా దీన్ని లేపేవి నిద్ర చాలకపోవడం, టెన్షన్, చలిగాలి. హాస్టలు పిల్లలకు పరీక్షల ముందు తిరగబెట్టేది అందుకే. నాకు డిసెంబరు చలి మొదలవగానే కనుబొమ్మల్లో మొదటి దురద వస్తుంది. ఆ రోజు నుంచే వారానికి ఒకటిగా ఉన్న షాంపూను రెండు చేస్తాను. ఎండాకాలం చలికాలమంత తిరగబెట్టదు గానీ, చెమటకు దురద ఉంటుంది. హెల్మెట్ కింద పలచని నూలుగుడ్డ కట్టుకుని దాన్ని రోజూ ఉతకండి. పొలానికి కట్టుకునే తలగుడ్డకూ, తాడిపత్రి నాపరాళ్ల పని చేసేవాళ్లు దుమ్ముకు చుట్టుకునే టవలుకూ ఇదే మాట.

తిరుమలలో గుండు చేయించుకుంటే పోతుందా అని కడపలో ఒకాయన నన్ను అడిగాడు. మొక్కు ఉంటే తప్పకుండా చేయించుకోండి. జుట్టు లేనప్పుడు షాంపూ చర్మానికి బాగా అందుతుంది కాబట్టి కొన్నాళ్లు తేలిగ్గా ఉంటుంది. ఫంగస్ మాత్రం గుండు మీద కూడా ఉంటుంది.

పసిపిల్లలకు

పుట్టిన కొన్ని వారాల్లో బిడ్డ మాడు మీద పసుపుపచ్చగా చెక్కు కట్టడం చాలా మామూలు. బిడ్డకు దురద ఉండదు, హాయిగా పాలు తాగుతుంది, బాధపడేది మనమే. ఏడాది లోపు తనంతట తానే పోతుంది. గోటితో పెరకకండి. స్నానానికి పావుగంట ముందు మినరల్ ఆయిల్‌తో చేసిన బేబీ ఆయిల్ కొంచెం రాసి, చెక్కు మెత్తబడ్డాక మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా దువ్వి, పసిపిల్లల షాంపూతో ఆ నూనెనంతా కడిగేయండి. మినరల్ ఆయిల్ ఆ ఫంగస్‌కు తిండి కాదు. మాడుకు ఆముదం పెట్టి రోజంతా వదిలేయడం మాత్రం ఈ చెక్కు ఉన్నన్నాళ్లు ఆపండి. పొట్టు ఒళ్లంతా పాకినా, రసి కారినా, బిడ్డ బరువు పెరగకపోయినా, విరేచనాలవుతున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

నాలుగు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే, చీము, నొప్పి, జ్వరం ఉంటే, జుట్టు ఒకేచోట ఊడి చర్మం నున్నగా అయితే ఆలస్యం చేయకండి. ఇన్నాళ్లూ ఏమీ లేనివాళ్లకు ఉన్నట్టుండి ముఖం, రొమ్ము, తల అంతా విపరీతంగా వస్తే డాక్టరు హెచ్‌ఐవీ పరీక్ష రాయొచ్చు. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఈ జబ్బు అలా విజృంభిస్తుంది కాబట్టి అడుగుతారు, మిమ్మల్ని అనుమానించి కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్ష ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. పెద్దవాళ్లలో ముఖం బాగా జిడ్డెక్కి, పొట్టు లేచి, దాంతో పాటు చేతులు వణకడం, నడక నెమ్మదించడం ఉంటే ఆ మాట కూడా డాక్టరుతో చెప్పండి. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ.

కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లోనూ కడప రిమ్స్‌లోనూ చర్మవ్యాధుల విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోండి. వెళ్లే రోజు తలకు నూనె రాయకండి, ముఖానికి పౌడరు వద్దు. ఇంతవరకు వాడిన ట్యూబులూ సీసాలూ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. నేను ఏడు ట్యూబులు పట్టుకెళ్లాను. డాక్టరు వాటిని బల్ల మీద రెండు వరుసలుగా పేర్చింది. స్టెరాయిడ్ ఉన్నవి ఒక వరుస, లేనివి ఒక వరుస. లేనిది ఒక్కటే ఉంది.

నూనె తప్పని రోజులు

దీపావళి పొద్దున అమ్మ చేతి నూనె వద్దనడం నా వల్ల కాలేదు. మీ వల్లా కాదు. మేము ఒక ఒప్పందానికి వచ్చాం. ఒంటికి ఎంతైనా రాస్తుంది, ముఖమూ రొమ్మూ వదిలేసి. నెత్తి మీద మాత్రం శాస్త్రానికి మూడు చుక్కలు, దీవెన అయ్యేదాకా ఉంచుకుంటాను. అక్కడి నుంచి నేరుగా స్నానాల గదికి. ముందు మామూలు షాంపూ, తర్వాత మందు షాంపూ, ఐదు నిమిషాలు. బయట పిల్లలు టపాసులు కాలుస్తుంటారు, అమ్మ తలుపు తట్టి "ఇంకా అయిపోలేదా నాయనా" అంటుంది. ఇంకో రెండు నిమిషాలుంది అని లోపలి నుంచే చెప్తాను.